పనిమనిషి, మాయలాడి, తెల్లదొరసాని

1930ల హాలీవుడ్‌లో ముగ్గురు నటీమణులు. ఒకామెకు పనిమనిషి వేషం తప్ప మరొకటి ఇవ్వలేదు. ఒకామెకు తన సొంత జాతి స్త్రీ పాత్రే దక్కనివ్వలేదు. మూడో ఆమె పెంచిన తల్లిని లోకానికి చూపించకుండా బతికింది. వాళ్ల కోసం తయారైన మూసలు ఇప్పటికీ పగల్లేదు. ఆ మూసల దెబ్బ అమెరికాలోని తెలుగు కుటుంబాల మీదా పడింది. ఆ మూసలు మన ఇళ్లలోనూ ఉన్నాయి.

1935లో ఎంజీఎం స్టూడియో ‘ది గుడ్ ఎర్త్’ సినిమాకు సన్నాహాలు చేస్తోంది. పెర్ల్ బక్ నవల అది. కథ నడిచేదంతా చైనాలోనే. కరువుకు ఊరొదిలి పోయే రైతులు, మిడతల దండు మీద పడితే పంట కోసం ప్రాణాలొడ్డే కుటుంబాలు. ఆ పాత్రల కోసం చైనా సంతతి నటీనటులను పిలిపించి స్క్రీన్ టెస్టులు చేశారు. వాళ్లలో కొందరిని అసోసియేట్ ప్రొడ్యూసర్ ఆల్బర్ట్ లూయిన్ వద్దన్నాడు. చైనీయులు ఎలా ఉంటారని తాను అనుకున్నాడో వీళ్లు అలా లేరన్నది ఆయన చూపిన కారణం.

ఎదురుగా నిలబడింది అచ్చమైన చైనా మనిషి. కాదు పొమ్మన్నది చైనా ఎలా ఉంటుందో సినిమాల్లో, బొమ్మల్లో చూసిన మనిషి. ఆ సినిమాలు తీసింది కూడా ఆయనలాంటివాళ్లే. తెర మీద ఒక బొమ్మ తయారవుతుంది. అది చూసినవాళ్ల మనసులో పాతుకుపోతుంది. తర్వాత బతికున్న మనిషి ఆ బొమ్మకు సరిపోలేదని వెళ్లగొడతారు. వెళ్లగొట్టి మళ్లీ అదే బొమ్మను తెరకెక్కిస్తారు. జాతి గురించీ ఆడవాళ్ల గురించీ మనకున్న చాలా అభిప్రాయాలు ఇలాగే పుట్టాయి. వాటిని ఎవరో ఒకరు, ఏదో ఒక గదిలో కూర్చుని, సంతకం పెట్టి మరీ తయారు చేశారు. సమాజంలో ఉన్నదే సినిమాలో చూపిస్తున్నామని నిర్మాతలు అంటుంటారు. ఆ మాట నేను నమ్మను. ఎందుకు నమ్మనో ఈ ముగ్గురి జీవితాలే చెబుతాయి.

తెర మీద చనిపోవడమే పని

ఎంజీఎం కాదన్నవాళ్లలో అన్నా మే వాంగ్ కూడా ఉంది. అప్పటికే ఆమె పేరు యూరప్‌లోనూ తెలుసు. 1905లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టింది. తండ్రి లాండ్రీ నడిపేవాడు. బట్టల మూటలు ఇంటింటికీ చేర్చే పిల్ల స్కూలు ఎగ్గొట్టి సినిమాలు చూసేది, షూటింగుల దగ్గర నిలబడేది. 17 ఏళ్లకే ‘ది టోల్ ఆఫ్ ది సీ’లో నాయికగా వేసింది. టెక్నికలర్‌లో వచ్చిన తొలి సినిమాల్లో అదొకటి. కథ ఏమిటంటే, ఒక చైనా పిల్ల అమెరికా యువకుణ్ని ప్రేమిస్తుంది. అతను వదిలేసి పోతాడు. ఆమె కన్న బిడ్డను అతనికీ అతని తెల్లభార్యకూ అప్పగించి సముద్రంలోకి నడిచి వెళ్లిపోతుంది.

ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్లపాటు ఆమె కోసం రాసిన పాత్రలు ఎక్కువగా రెండు రకాలు. తెల్లవాడి కోసం ప్రాణం తీసుకునే అమాయకురాలు ఒకటి. అందంతో వల వేసి వెన్నులో కత్తి దించే మాయలాడి రెండోది. రెండింటికీ చాలాసార్లు ముగింపు చావే. తెర మీద చైనీయుడు ఎప్పుడూ దుర్మార్గుడే ఎందుకవుతాడని 1933లో ఒక బ్రిటిష్ సినిమా పత్రికతో మాట్లాడుతూ ఆమె నిలదీసింది.

‘ది గుడ్ ఎర్త్’లో రైతు భార్య ఓలాన్ పాత్ర ఆమెకు దక్కకపోవడం వెనక లూయిన్ అభిప్రాయం ఒక్కటే లేదు. 1934 నుంచి హాలీవుడ్‌లో హేస్ కోడ్ అనే సినిమా నియమావళి గట్టిగా అమలవుతోంది. వేర్వేరు జాతుల స్త్రీ పురుషుల ప్రేమనూ కాపురాన్నీ చూపకూడదన్నది అందులో ఒక నియమం. రాతలో ఉన్నది తెల్లవాళ్లూ నల్లవాళ్లూ అనే అయినా, ఆచరణలో ఆసియా వాళ్లకూ అదే వర్తించింది. భర్త వాంగ్ లుంగ్ వేషానికి పాల్ మునీ అనే తెల్లజాతి నటుణ్ని తీసుకున్నారు. అతనికి చైనీయుడి మేకప్ వేయడానికి అభ్యంతరం లేదు. అతని పక్కన నిజమైన చైనా సంతతి స్త్రీ భార్యగా నిలబడితే మాత్రం చిక్కు. కథలో ఇద్దరూ చైనీయులే కదా అని అడిగినవాళ్లు లేరు. అప్పటికి కాలిఫోర్నియా చట్టం కూడా ఇలాంటి పెళ్లిళ్లను నిషేధించింది. 1948లో గానీ ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేయలేదు.

ఓలాన్‌గా జర్మనీలో పుట్టిన లూయీ రైనర్ వేసింది, ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకుంది. అన్నా మే వాంగ్‌కు లోటస్ వేషం ఇవ్వజూపారు. రైతును వలలో వేసుకుని ఇల్లు కూల్చే రెండో భార్య పాత్ర అది. తెల్లవాళ్లంతా చైనీయులుగా వేసే సినిమాలో చైనా నెత్తురున్న తనకు మిగిలింది అసహ్యించుకునే ఆ ఒక్క వేషమేనా అని ఆమె ఒప్పుకోలేదు. 1936లో తన పూర్వీకుల దేశం చూడటానికి చైనా వెళ్లింది. చెడ్డ పాత్రలు వేసి మా పరువు తీశావని అక్కడా నిలదీసినవాళ్లున్నారు. అమెరికాలోనే పుట్టిన ఆమె దేశం దాటిన ప్రతిసారీ, తిరిగి రానివ్వండంటూ ఇమ్మిగ్రేషన్ అధికారులకు ముందే అర్జీ పెట్టుకోవాల్సి వచ్చేది. 1882 నాటి చైనీయుల బహిష్కార చట్టం పుణ్యం అది. ఆ చట్టం 1943 దాకా బతికుంది.

ఆమె 1961లో చనిపోయింది. 2022లో అమెరికా ప్రభుత్వం పావు డాలరు నాణెం మీద ఆమె బొమ్మ ముద్రించింది.

గోడ పక్క బల్ల

హాటీ మెక్‌డేనియల్ కథ చాలామందికి సగమే తెలుసు. ఆస్కార్ గెలిచిన మొదటి నల్లజాతి మనిషి అన్నంత వరకూ తెలుసు.

1939 డిసెంబర్ 15న అట్లాంటాలో ‘గాన్ విత్ ద విండ్’ తొలి ప్రదర్శన. అందులో ఇంటి దాది మ్యామీగా వేసిన హాటీ అక్కడికి వెళ్లలేదు. జార్జియా రాష్ట్ర వివక్ష చట్టాల ప్రకారం ఆ థియేటర్‌లో తోటి నటుల పక్కన ఆమె కూర్చోవడానికి లేదు. ముందురోజు రాత్రి ఊరి పెద్దల కోసం జరిగిన విందులో మాత్రం నల్లజాతి చర్చి గాయకబృందం పాడింది. పిల్లలకు బానిసల వేషం కట్టించారు. వాళ్లలో పదేళ్ల మార్టిన్ లూథర్ కింగ్ ఒకడు.

రెండున్నర నెలల తర్వాత, 1940 ఫిబ్రవరి 29న, లాస్ ఏంజెలెస్‌లోని అంబాసిడర్ హోటల్లో ఆస్కార్ వేడుక. నల్లవాళ్లకు ప్రవేశం లేని హోటల్ అది. నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ ప్రత్యేకంగా అడిగితే ఆమెను లోపలికి రానిచ్చారు. సినిమా బృందమంతా ఒక బల్ల దగ్గర కూర్చుంది. హాటీని గోడ వారగా వేసిన చిన్న బల్ల దగ్గర, తోడొచ్చినాయనతోనూ తన ఏజెంటుతోనూ కూర్చోబెట్టారు. తలలో తెల్లటి గార్డీనియా పూలు తురుముకుంది. పేరు పిలవగానే లేచి, ఆ మూల నుంచి వేదిక దాకా నడిచి వచ్చింది. తన జాతికీ సినిమా పరిశ్రమకూ గౌరవం తెచ్చేలా ఉంటానని కన్నీళ్లతో చెప్పింది. సహాయ నటులకు అప్పట్లో బంగారు బొమ్మ ఇచ్చేవారు కాదు. చిన్న ఫలకం ఇచ్చారు.

ఆమె తల్లిదండ్రులిద్దరూ బానిసలుగా బతికి బయటపడ్డవాళ్లు. తండ్రి అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం తరఫున పోరాడాడు. అలాంటి ఇంట్లో పుట్టిన మనిషి చేత తెర మీద చెప్పించింది ఏమిటి? బానిసత్వం హాయిగా ఉండేదని. మ్యామీకి యజమాని బిడ్డలే లోకం. ఆమెకు పిల్లలున్నారో లేదో, భర్త ఉన్నాడో లేడో, ఎవరైనా ఆమెను అమ్మేశారో కొన్నారో సినిమా చెప్పదు. ఆమెకు సొంత పేరు కూడా పెట్టలేదు.

ఈ దాది బొమ్మ ఎవరికి అవసరమైందో చూస్తే మూసల పని అర్థమవుతుంది. బానిసత్వం పోయాక దక్షిణాది తెల్లజాతి సమాజానికి తన గతం మీద మరక తుడుచుకోవాల్సి వచ్చింది. లావుగా, నవ్వుతూ, ఎప్పుడూ వంటింట్లో ఉండే, ఏ మగవాడికీ ఆడదానిలా కనిపించని ఒక దాది దొరికింది. నల్లజాతి స్త్రీల మీద యజమానులు జరిపిన అత్యాచారాల చరిత్రను ఆ నవ్వు కప్పేసింది. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో పాన్‌కేక్ పిండి అమ్మడానికి ఆంట్ జెమైమా వేషంలో నిలబెట్టిన నాన్సీ గ్రీన్ కూడా ఒకప్పటి బానిసే. ఆ పేరు అట్ట పెట్టెల మీద నుంచి తొలగింది 2021లో. 1923 ఫిబ్రవరిలో అమెరికా సెనేట్ ఇంకో అడుగు ముందుకేసింది. రాజధాని వాషింగ్టన్‌లో ‘విశ్వాసపాత్రులైన’ దాదులకు స్మారక విగ్రహం కట్టే బిల్లును ఆమోదించింది. నల్లజాతి స్త్రీల సంఘాలు ఎదురు తిరిగాయి. ప్రతినిధుల సభలో అది ఆగిపోయింది. అదే సెనేట్ దాదాపు మూడు నెలల ముందు, నల్లవాళ్లను మూకలు కొట్టి చంపడాన్ని ఆపే డయ్యర్ బిల్లును ముందుకు సాగనివ్వలేదు. దాదికి విగ్రహం కావాలి, దాది కొడుకు ప్రాణానికి చట్టం అక్కర్లేదు. దీనికి మించిన సాక్ష్యం నాకు దొరకలేదు.

హాటీని నల్లజాతి ఉద్యమకారులే విమర్శించారు. నల్లజాతి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ నాయకుడు వాల్టర్ వైట్ 1942లో హాలీవుడ్ వచ్చి, దాది వేషాలు, బంట్రోతు వేషాలు ఇక చాలించమని నిర్మాతలను అడిగాడు. హాటీ నొచ్చుకుంది. వారానికి 700 డాలర్లకు పనిమనిషి వేషం వేయకపోతే వారానికి 7 డాలర్లకు పనిమనిషిగా చేయాలి అని ఆమె అన్నట్టు చెప్పుకుంటారు. తప్పు ఎవరిదని తేల్చడం నాకు ఇష్టం లేదు. వేరే వేషం ఇచ్చి చూసినవాళ్లు ఒక్కరైనా ఉంటే అప్పుడు ఆమెను అడగొచ్చు.

ఆమె కథలో ఎవరూ సినిమాగా తీయని భాగం ఒకటుంది. లాస్ ఏంజెలెస్‌లో షుగర్ హిల్ అనే పేటలో ఆమె పెద్ద ఇల్లు కొనుక్కుంది. నల్లవాళ్లకు ఇళ్లు అమ్మకూడదన్న ఒప్పందాలు దస్తావేజుల్లో ఉన్నాయంటూ తెల్లజాతి ఇరుగుపొరుగు కోర్టుకెక్కారు. హాటీ తన ఇంట్లో నల్లజాతి ఇంటి యజమానులను కూడగట్టింది. 1945 డిసెంబర్‌లో జడ్జి తీర్పు వాళ్ల పక్షానే వచ్చింది. మూడేళ్లకు అమెరికా సుప్రీంకోర్టు అలాంటి ఒప్పందాలను కోర్టులు అమలు చేయరాదని తేల్చింది. తెర మీద యజమానురాలి కార్సెట్ తాళ్లు బిగించిన మనిషి బయట చేసిన పని ఇది.

1952లో ఆమె చనిపోయింది. హాలీవుడ్ శ్మశానవాటికలో పూడ్చమని వీలునామాలో రాసుకుంది. నల్లవాళ్లకు చోటు లేదని వాళ్లు ఒప్పుకోలేదు. హోవర్డ్ యూనివర్సిటీకి ఆమె ఇచ్చిన ఆస్కార్ ఫలకం ఎప్పుడో కనబడకుండా పోయింది. 2023లో అకాడమీ కొత్తది చేయించి ఇచ్చింది. ఆమె తర్వాత మరో నల్లజాతి నటికి ఆస్కార్ రావడానికి 51 ఏళ్లు పట్టింది. 1991లో వూపీ గోల్డ్‌బర్గ్‌కు వచ్చింది. 2012లో ‘ది హెల్ప్’ సినిమాకు ఆక్టేవియా స్పెన్సర్ అందుకుంది మళ్లీ పనిమనిషి పాత్రకే. అదే ‘ది హెల్ప్’లో నటించిన వయోలా డేవిస్, ఆ సినిమాలో పనిమనుషుల గొంతు వినిపించలేదని, ఒప్పుకున్నందుకు బాధగా ఉందని తర్వాత బాహాటంగా చెప్పింది.

బొంబాయిలో పుట్టిన తెల్లదొరసాని

మూడో ఆమె పేరు మెర్ల్ ఒబెరాన్. 1936లో ఉత్తమ నటి ఆస్కార్‌కు నామినేట్ అయింది. ఆసియా మూలాలున్న నటికి ఆ నామినేషన్ రావడం అదే మొదలు. ఆ సంగతి ఆరోజు అకాడమీకీ తెలియదు, ప్రేక్షకులకూ తెలియదు.

ఆమె 1911లో బొంబాయిలో పుట్టింది. కలకత్తాలో పెరిగింది. అక్కడ టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేసింది. ఇంటి పిలుపు క్వీనీ. లండన్ చేరాక స్టూడియో ఆమెకు కొత్త పుట్టుక రాసిపెట్టింది. ఆస్ట్రేలియాలోని టాస్మానియా దీవిలో పుట్టిందని, అగ్నిప్రమాదంలో కాగితాలు మిగల్లేదని. దూరమైన చోటు, తెల్లవాళ్ల చోటు, ఎవరూ వెళ్లి ఆరా తీయని చోటు. 1939లో ‘వుథరింగ్ హైట్స్’ నాయిక ఆమే. పెంచిన తల్లి షార్లెట్ సింహళ మూలాలున్న చామనఛాయ మనిషి. లండన్ ఇంట్లో అతిథులొస్తే ఆమె పనిమనిషిగా కనిపించేదని జీవితచరిత్ర రాసినవాళ్లు చెప్పారు. చర్మం తెల్లబడే మందులు మెర్ల్ ముఖాన్ని పాడుచేశాయని కూడా వాళ్లే రాశారు. ఛాయాగ్రాహకుడు లూసియన్ బల్లార్డ్ ఆమె ముఖం మీది మచ్చలు కనబడకుండా కెమెరా పక్కనే బిగించే ఒక చిన్న దీపాన్ని తయారుచేశాడు. సినిమావాళ్లు ఇప్పటికీ దాన్ని ‘ఓబీ లైట్’ అంటారు. 1979లో చనిపోయేదాకా ఆమె తన అసలు పుట్టుక సంగతి బయటపెట్టలేదు.

ఆమెను అబద్ధాలకోరు అనడం తేలిక. అన్నా మే వాంగ్ తన ముఖంతో నిజం చెప్పినందుకు ఏం జరిగిందో, హాటీకి ఏ బల్ల దగ్గర చోటిచ్చారో అదే ఊళ్లో ఉన్న మెర్ల్‌కు తెలియకుండా ఉంటుందా? ముగ్గురిలో హాలీవుడ్ పెద్ద సినిమాల్లో నాయికగా నిలిచింది దాచుకున్న ఆమె ఒక్కతే.

తెర దిగిన మూస

ఇదంతా పాతకాలం ముచ్చట అనుకునేవాళ్ల కోసం కొన్ని కొత్త సంగతులు చెప్పాలి.

2021 మార్చి 16న అట్లాంటా పరిసరాల్లో ఒక యువకుడు మసాజ్ పార్లర్ల మీద పడి ఎనిమిది మందిని కాల్చి చంపాడు. చనిపోయినవాళ్లలో ఆరుగురు ఆసియా సంతతి స్త్రీలు. తన కామవ్యసనానికి కారణమైన ప్రలోభాన్ని లేకుండా చేయడానికే చంపానని అతను పోలీసులకు చెప్పాడు. పొట్టకూటి కోసం రాత్రింబగళ్లు పనిచేసిన, అందులో కొందరు మనవలున్న ఆడవాళ్లు అతని కంటికి మాయలాడులుగా కనిపించారు. అన్నా మే వాంగ్ చేత పదే పదే వేయించిన వేషం అదే.

2018 సెప్టెంబర్‌లో యూఎస్ ఓపెన్ ఫైనల్లో సెరెనా విలియమ్స్ అంపైర్‌తో వాదనకు దిగింది. మెల్బోర్న్ పత్రిక ‘హెరాల్డ్ సన్’ వేసిన కార్టూన్‌లో లావుపాటి పెదాలతో, రాకెట్ మీద గంతులేస్తున్న రాక్షసిలా సెరెనా కనిపించింది. అవతల గెలిచిన నవోమీ ఒసాకా తండ్రి హైతీ నల్లజాతి మనిషి, తల్లి జపనీయురాలు. కార్టూన్‌లో ఆమె సన్నగా, తెల్లగా, బంగారు జుట్టుతో ఉంది. దుడుకు మనిషిని నల్లగా గీసినవాడికి ఓర్పున్న మనిషిని తెల్లగా గీయాలనిపించింది. కొన్ని నెలలకే జపాన్‌లో ఒక నూడిల్స్ కంపెనీ ప్రకటనలోనూ ఒసాకాను తెల్లగా చూపించి, గొడవయ్యాక వెనక్కి తీసుకుంది. ఆస్ట్రేలియా ప్రెస్ కౌన్సిల్ మాత్రం ఆ కార్టూన్‌లో నియమాల ఉల్లంఘన లేదంది. ఆ తీర్పు తప్పని నా అభిప్రాయం.

అదే సెరెనా అంతకు ఏడాది ముందు కాన్పయిన మర్నాడు ఊపిరాడక ఇబ్బంది పడింది. ఊపిరితిత్తుల్లో నెత్తురు గడ్డకట్టే జబ్బు తనకు ముందే ఉంది కాబట్టి సీటీ స్కాన్ తీయమని, మందు ఫలానా ఇవ్వమని నర్సుకు చెప్పింది. నొప్పి మందుల వల్ల తికమకగా మాట్లాడుతోందని నర్సు అనుకుందట. డాక్టర్ ముందు కాళ్లకు పరీక్ష చేశాడు. ఆమె పట్టుబట్టాక స్కాన్ తీస్తే గడ్డలు కనబడ్డాయి. ఈ సంగతి ఆమే ‘వోగ్’ పత్రికకు చెప్పింది. కోట్ల డాలర్లున్న, ప్రపంచమంతా ఎరిగిన మనిషి మాటకే ఇంత విలువ. అమెరికాలో గర్భం, కాన్పు కారణంగా చనిపోయే నల్లజాతి తల్లుల రేటు తెల్లజాతి తల్లులకంటే రెండున్నర నుంచి మూడున్నర రెట్లు ఉంటోందని ఆ దేశ ప్రభుత్వ లెక్కలే ఏటా చెబుతున్నాయి. నల్లవాళ్ల చర్మం మందమని, నొప్పి తక్కువని నమ్మే వైద్య విద్యార్థులు ఉన్నారని 2016లో వర్జీనియా యూనివర్సిటీ పరిశోధకులు తేల్చారు. ఎంత బరువైనా మోస్తుంది, ఏమన్నా పడి ఉంటుంది అని తెర మీద ఒక జాతి ఆడవాళ్లను వందేళ్లు చూపిస్తే ఆ నమ్మకం ఆస్పత్రి వార్డుల్లోకి రాకుండా ఎక్కడ ఆగుతుంది?

యంత్రాలూ ఇదే నేర్చుకున్నాయి. కొడాక్ కంపెనీ ఫోటో ల్యాబులకు రంగులు సరిచూసుకోవడానికి పంపే ‘షర్లీ కార్డు’ మీద దశాబ్దాలపాటు ఉన్నది తెల్లజాతి స్త్రీ ముఖమే. ఆ చర్మం బాగా వస్తే ఫోటో బాగున్నట్టు. నల్లటి పిల్లల ముఖాలు క్లాసు ఫోటోల్లో మసిలా వచ్చేవి. చెక్క సామాన్ల కంపెనీలూ చాక్లెట్ కంపెనీలూ తమ సరుకు ఫోటోలు సరిగా రావడం లేదని ఫిర్యాదు చేశాక గానీ ఫిల్ము మెరుగుపడలేదు. 2018లో పరిశోధకులు జాయ్ బులమ్వీనీ, టిమ్నిట్ గెబ్రూ ముఖాన్ని చూసి ఆడామగా చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాములను పరీక్షించారు. తెల్లటి మగవాళ్ల విషయంలో తప్పులు 0.8 శాతం దాటలేదు. నల్లటి ఆడవాళ్ల విషయంలో 34.7 శాతం దాకా వచ్చాయి.

విజయవాడ నుంచి ఓలేతే దాకా

2013 సెప్టెంబర్ 15న నీనా దావులూరి మిస్ అమెరికా కిరీటం గెలిచింది. ఆ కిరీటం భారత సంతతికి దక్కడం అదే మొదటిసారి. తల్లిదండ్రులది విజయవాడ. కిరీటం పెట్టిన గంటలోపే ట్విటర్‌లో ఆమెను అరబ్ అన్నారు, టెర్రరిస్ట్ అన్నారు, ఇది అమెరికా, ఇండియా కాదన్నారు. అమెరికాలోనే, సిరక్యూజ్‌లో పుట్టిన పిల్ల ఆమె.

చామనఛాయ ముఖం కనిపిస్తే అరబ్, అరబ్ అంటే ఉగ్రవాది అన్న లెక్క ఊరికే రాలేదు. జాక్ షాహీన్ అనే పరిశోధకుడు తొమ్మిది వందలకు పైగా హాలీవుడ్ సినిమాలు చూసి, 2001లో ‘రీల్ బ్యాడ్ అరబ్స్’ అనే పుస్తకం రాశాడు. అరబ్బులను మంచిగా చూపినవి పన్నెండే లెక్కకొచ్చాయి. ఆ మూసకు ఒక తెలుగు ఇల్లు బలైంది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఓలేతే ఊళ్లో, ఆఫీసు అయ్యాక స్నేహితుడితో కూర్చున్న 32 ఏళ్ల తెలుగు ఇంజినీరును, మా దేశం నుంచి పొమ్మని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. ఇద్దరు ఇరానీయులను కాల్చానని తర్వాత ఇంకో చోట చెప్పుకున్నాడు. ఆ స్నేహితుడు గాయాలతో బతికాడు. అడ్డుపడబోయిన అమెరికన్ యువకుడు కూడా తూటా తిన్నాడు. హైదరాబాద్‌లో ఆ తల్లిదండ్రుల ఏడుపు టీవీల్లో మనమంతా చూశాం.

నీనా గెలిచిన రోజుల్లో ఇక్కడ నడిచిన చర్చ కూడా గుర్తు చేసుకోవాలి. అమెరికాలో గెలిచింది గానీ ఇంత చామనఛాయతో మిస్ ఇండియా పోటీలో గెలిచేదా అని మనవాళ్లే రాశారు. ఆ ప్రశ్నలో నిజముంది. 1975లో మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ పేరు 2020 దాకా మారలేదు. నల్లగా ఉన్న పిల్లకు ఉద్యోగం రాదు, పెళ్లి కాదు, క్రీము రాస్తే రెండూ వస్తాయి అని ఆ ప్రకటనలు నా తరం ఆడపిల్లలకు ఏళ్ల తరబడి చెప్పాయి. ఇలాంటి క్రీములకు వ్యతిరేకంగా గొంతెత్తినవాళ్లలో నీనా కూడా ఉంది.

ఇక మన తెర. తెలుగు సినిమాలో గోదావరి ఒడ్డు పల్లెటూరి పిల్ల పాత్ర రాస్తారు. వేషం ముంబై నుంచి వచ్చిన, తెలుగు రాని, తెల్లటి అమ్మాయికి ఇస్తారు. గొంతు మరొకరిది. పాత్ర మరీ బీదదైతే ఆ తెల్లటి ముఖానికే ముదురు రంగు పూస్తారు. తెలుగమ్మాయిలు హీరోయిన్లకు పనికిరారన్న మాట పరిశ్రమలో మామూలుగా వినబడుతుంది. ఎంజీఎం ఆఫీసులో ఆల్బర్ట్ లూయిన్ అన్నది కూడా ఇదే కదా. లావుగా నల్లగా ఉన్న నటి తెర మీదికొస్తే నవ్వాలని మనకు నేర్పారు. పనిమనిషికి శ్రీకాకుళం యాస, రౌడీకి తెలంగాణ యాస, కత్తి పట్టినవాడికి సీమ యాస అంటగట్టి, ఇంజినీరు హీరోకు మాత్రం ఏ యాసా లేకుండా మాట్లాడించారు. తెలంగాణ యాసలో హీరోలు మాట్లాడటం ఈమధ్యే మొదలైంది. ప్రేక్షకులు టికెట్ కొని చూశారు, ఎవరూ లేచి వెళ్లిపోలేదు.

ఓలేతేలో మనవాడు చనిపోతే మనకు కడుపు మండింది. మండాలి. హైదరాబాద్‌లో చదువుకోవడానికి వచ్చిన ఆఫ్రికా విద్యార్థి అద్దె ఇల్లు అడిగితే, డ్రగ్స్ అమ్ముతాడేమోనని తలుపేసేవాళ్లూ మనలోనే ఉన్నారు. ఒక్క మనిషి పట్టుబడితే జాతి మొత్తాన్ని హెడ్డింగులో పెట్టే వార్త ఆ తలుపు వేయిస్తోంది. నేను పనిచేసే రంగం తప్పు ఇది. పట్టుబడ్డవాడిది మన జిల్లా అయితే అతని పేరు రాస్తాం, పరాయివాడైతే జాతి పేరు రాస్తాం. ఈ అలవాటు న్యూస్ డెస్కుల్లో రేపటి నుంచే మానొచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

సినిమా తీసేవాళ్లకు ఒక మాట. తెలుగు పల్లె కథకు తెలుగు పిల్లను తీసుకోండి. ఆమె రంగు ఏదైతే అదే ఉంచండి. పత్రికలు, టీవీలు చూసే అమ్మలకూ నాన్నలకూ ఇంకో మాట. ఆదివారం పేపర్లలో పెళ్లి సంబంధాల ప్రకటనలూ వస్తాయి. మీ ఇంట్లో పెళ్లీడు కొడుకు ఉంటే, ప్రకటన రాసి ఇచ్చే ముందు అందులో ‘తెల్లని’ అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే కొట్టేసి ఇవ్వండి.